నెల్లూరు పొగతోట స్కానింగ్ సెంటర్లు: వెన్నుపూస కార్టిలేజ్ గడ్డకు ఎంతవరకు పనికొస్తాయి

ముందే మా మాట చెప్పేస్తాం. స్కాన్ వరకూ నెల్లూరు చాలు. సూది గుచ్చి ముక్క తీసే దగ్గరికొచ్చేసరికి మాత్రం ఆగాలి.

వెన్నుపూసలో కార్టిలేజ్ (మృదులాస్థి) కణాల నుంచి పుట్టే క్యాన్సర్‌ను కాండ్రోసార్కోమా అంటారు. మొత్తం కాండ్రోసార్కోమాల్లో వెన్నెముకలో వచ్చేవి నూటికి పది లోపే. నెమ్మదిగా పెరుగుతుంది కాబట్టి మామూలు నడుం నొప్పి కిందే నెలలు గడిచిపోతాయి. పడుకున్నా తగ్గకుండా రాత్రిళ్లు నిద్ర లేపే నొప్పిని డిస్కు ఖాతాలో వేసేయొద్దు.

పొగతోటలో ఎం.ఆర్.ఐ. తేలిగ్గానే దొరుకుతుంది. ఈ జబ్బుకు 1.5 టెస్లా (అయస్కాంత బలం కొలత) మిషన్ సరిపోతుంది. లోపమల్లా చీటీలో ‘ఎల్.ఎస్. స్పైన్ ప్లెయిన్’ (కాంట్రాస్ట్ లేకుండా నడుం భాగం మాత్రమే) అని ఉంటే అంతే తీసి పంపడంలో ఉంది. గడ్డ అనుమానం ఉంటే గ్యాడోలినియం కాంట్రాస్ట్‌తో (నరంలోకి మందు ఎక్కించి) తీయాలి, వెన్నెముక మొత్తాన్నీ ఒకసారి చూడాలి. ఆ మేరకు డాక్టరు చేత చీటీ మార్పించుకోండి. కాంట్రాస్ట్‌కు ముందు కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ రిపోర్టు అడుగుతారు, అది చేయించుకునే వెళ్తే ఇంకోసారి తిరగక్కర్లేదు. కార్టిలేజ్‌లో నీరెక్కువ, అందుకే నీటిని తెల్లగా చూపే ఎం.ఆర్.ఐ. టి2 బొమ్మల్లో ఈ గడ్డ తెల్లగా, గుత్తులు గుత్తులుగా కనబడుతుంది.

సున్నం పేరుకోవడం ఎం.ఆర్.ఐ.లో సరిగా తెలియదు, సి.టి.లో తెలుస్తుంది. విరిగిన చేతిగాజు ముక్కల్లాంటి వంపులూ, చిన్న చిన్న వలయాలూ గడ్డలో చెదిరి ఉంటే అనుమానం కార్టిలేజ్ మీదికే పోవాలి. చాలామంది ఎం.ఆర్.ఐ.తో ఆపేస్తారు. అదే పూస దగ్గర పల్చటి స్లైసులతో సి.టి. కూడా తీయించడం మా లెక్కలో తప్పనిసరి. మన వైపు పూస కరిగిందంటే మొదట టి.బి. అనే అనుకుంటారు, అందులో తప్పులేదు. కానీ టి.బి. సాధారణంగా డిస్కునూ పక్క పూసనూ కలిపి తినేస్తుంది, గడ్డ చాలావరకు డిస్కును వదిలేస్తుంది. పరీక్ష లేకుండా ఊరికే టి.బి. మాత్రలు మొదలుపెడితే విలువైన నెలలు పోతాయి.

రిపోర్టులో ఏ పూస, పూస ముందు భాగమా వెనక భాగమా, వెన్నుపాము మీద ఒత్తిడి ఎంత, గడ్డ ఎముక దాటి కండలోకి పోయిందా అన్నవి ఉండాలి. లేకపోతే రేడియాలజిస్టును అడిగి రాయించుకోండి. ఫిల్ములు చాలవు. డైకామ్ సీడీ (స్కాన్ అసలు ఫైళ్లున్నది) తీసుకుని, అక్కడే తెరిపించి చూసుకుని రండి. ఆపరేషన్ కోసం వెళ్లిన చెన్నైలో సీడీ తెరుచుకోకపోతే స్కాన్ మళ్లీ మొదటికొస్తుంది.

ఇక బయాప్సీ. సూది వెళ్లిన దారంతా క్యాన్సర్ కణాలు అంటుకునే ప్రమాదం ఉంది. అందుకే ఆపరేషన్ చేసే సర్జన్ గడ్డతోపాటు ఆ దారిని కూడా కోసి తీసేయాలి. ఎక్కడి నుంచి గుచ్చాలో ఆయనే చెప్పాలి, వీలైతే అదే ఆసుపత్రిలో చేయాలి. సన్న సూదితో కణాలు మాత్రమే లాగే ఎఫ్.ఎన్.ఏ.సి. దీనికి చాలదు, గ్రేడ్ (గడ్డ తీవ్రత) తేల్చాలంటే లావు సూదితో తీసిన కోర్ ముక్క కావాలి. ముక్కను సెలైన్‌లో కాదు, దానికి పదింతల 10 శాతం ఫార్మలిన్‌లో వేయాలి. ల్యాబులో ఎముకను మెత్తబరచడానికి ఘాటు యాసిడ్ వాడితే డి.ఎన్.ఏ. పాడై ఐ.డి.హెచ్. అనే జన్యు పరీక్ష పనికిరాకుండా పోతుంది. ఇప్పటికే ఇక్కడ బయాప్సీ అయిపోయిందా? రిపోర్టు కాగితం ఒక్కటే కాదు, పారఫిన్ బ్లాకులూ (మైనంలో నిలవచేసిన ముక్కలు) స్లైడులూ కూడా అడిగి తెచ్చుకోండి.

ఒత్తిడి తగ్గిద్దామని గడ్డను గీకి తీసే ఆపరేషన్‌కు తొందరపడొద్దు. చెదిరిన కార్టిలేజ్ మళ్లీ మొలుస్తుంది. గడ్డను చీల్చకుండా, చుట్టూ ఆరోగ్యంగా ఉన్న కణజాలంతో సహా ఒకే ముద్దగా తీయడమే అసలు వైద్యం. కాళ్లు పట్టుతప్పినా, మూత్రం ఆగిపోయినా లెక్క వేరు. అప్పుడు ఏ ఊరని చూడకుండా దగ్గర్లోని వెన్నెముక సర్జన్ దగ్గరికి గంటల్లో చేరాలి.

మామూలు రకానికి కీమో దాదాపు పనిచేయదు. రేడియేషన్ పనిచేయాలంటే పెద్ద డోసు కావాలి, పక్కనే ఉన్న వెన్నుపాము అంత తట్టుకోలేదు. ఆ చిక్కుకే ప్రోటాన్ చికిత్స, అంటే డోసు గడ్డ దాటి పెద్దగా పోని రేడియేషన్. చెన్నై తరమణిలో 2019 నుంచి ఉంది, నెల్లూరు నుంచి సుమారు 175 కిలోమీటర్లు. ఎన్.టి.ఆర్. వైద్య సేవ మీద ఆధారపడేవాళ్లు ఏ ఆసుపత్రిలో చేరేముందైనా ఆరోగ్యమిత్రను కలిసి ఏది వర్తిస్తుందో, ఏది వర్తించదో తేల్చుకోవాలి.

ఆపరేషన్ తర్వాత పొగతోట మళ్లీ బాగా అక్కరకొస్తుంది. ఈ గడ్డ ఏళ్ల తర్వాత కూడా తిరిగి రావచ్చు, కనీసం పదేళ్లు స్కాన్లు తీయించుకుంటూ ఉండాలి. ప్రతిసారీ చెన్నై పోనక్కర్లేదు. వీపులో టైటానియం రాడ్లు ఉన్నాయని టెక్నీషియన్‌కు ముందే చెప్పండి, పాత సీడీ పట్టుకెళ్లండి. లోహం చుట్టూ బొమ్మ చెదిరిపోతుంది కాబట్టి ఇలాంటి వాళ్లకు 3 టెస్లా కన్నా 1.5 టెస్లా మిషనే నయం.