చిగుళ్ల కోసం సిగరెట్లు తగ్గించడమా, పూర్తిగా మానేయడమా?

రోజుకి ఇరవై కాల్చేవాళ్లు ఐదుకి తగ్గిస్తే చిగుళ్లకు మేలేనా? మేలే, కానీ అనుకున్నంత కాదు. అమెరికాలో 2000లో వెలువడిన ఒక పెద్ద అధ్యయనంలో, రోజుకి 9కి మించకుండా కాల్చేవాళ్లకు కూడా, అసలు అలవాటే లేనివాళ్లతో పోలిస్తే చిగుళ్ల జబ్బు అవకాశం దాదాపు మూడు రెట్లు కనిపించింది. 30 దాటితే దాదాపు ఆరు రెట్లు. పైగా తగ్గించినవాళ్లు తెలియకుండానే ఒక్కో దమ్ము గట్టిగా లాగుతుంటారు.

ఇంకో చిక్కుంది. నికోటిన్ వల్ల చిగుళ్లలో రక్తనాళాలు కుంచించుకుపోతాయి. లోపల పళ్లను పట్టి ఉంచే ఎముక కరుగుతున్నా బ్రష్ మీద రక్తం పెద్దగా కనపడదు. అంతా బాగానే ఉందనిపిస్తుంది.

మానేస్తే మొదట్లో తేడా కొట్టినట్టే ఉంటుంది. కొన్ని వారాల్లో ఉమ్మిలో ఎర్రటి చార కనిపించవచ్చు. కొందరు దానికే టెన్షన్ పడి మళ్లీ వెలిగిస్తారు, అది చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది. అప్పటిదాకా దాగి ఉన్న వాపు బయటపడుతోంది, అంతే. బ్రష్ చేయడం ఆపకుండా డెంటిస్టు దగ్గర క్లీనింగ్ చేయించుకోవాలి.

పోయిన ఎముక దానంతటది తిరిగిరాదు. కానీ చికిత్స బాగా పనిచేస్తుంది. పై అధ్యయనంలోనే, మానేసి 11 ఏళ్లు దాటినవాళ్ల ముప్పు ఎప్పుడూ కాల్చనివాళ్లకు దాదాపు సమానంగా ఉంది.