కదలని మోటార్‌హోమ్‌కు నాలుగు చలికాలాల కాపలా: నా డీహ్యూమిడిఫయర్ అనుభవం

ఇంగ్లండులోని లీడ్స్ శివారులో, మా ఇంటి ముందు నవంబరు నుంచి మార్చి దాకా కదలకుండా నిలబడి ఉండే మోటార్‌హోమ్ (పడక, వంటగది ఉన్న ఇల్లులాంటి బండి) కోసం 2020లో 500 వాట్ల ఆయిల్ హీటరును, 2021లో జియోలైట్ అనే తేమ పీల్చే ఖనిజపు చక్రంతో పనిచేసే డీహ్యూమిడిఫయర్‌ను, అంటే గాలిలోని తేమను లాగేసే యంత్రాన్ని, కొన్నాను. ఈ రెండింటిలో ఒక్కటే ఉంచుకోవలసి వస్తే ఇవాళ హీటరునే వదులుకుంటాను.

మొదటి చలికాలంలో నా లెక్క వేరు. వెచ్చగా ఉంచితే చెమ్మ దానంతట అదే పోతుందనుకుని హీటరు ఒక్కటే పెట్టాను. 20 డిగ్రీల దగ్గర ఒక ఘనపు మీటరు గాలిలో సుమారు 17 గ్రాముల నీటి ఆవిరి ఇముడుతుంది; అదే గాలి 5 డిగ్రీలకు చల్లబడితే 7 గ్రాములకు మించి ఇమడదు. పగటి వేడికి పరుపుల్లోంచి, చెక్కలోంచి లేచిన ఆవిరి పోయే దారి లేక, రాత్రి హీటరు ఆపగానే ముందు అద్దం మీద, అల్మారాల మూలల్లో, పరుపు అడుగున నీరై దిగేది. ఫిబ్రవరిలో పరుపు ఎత్తి చూస్తే అడుగు గుడ్డంతా నల్లటి బూజు చుక్కలు, తలుపు తీస్తే ముక్కిపోయిన బియ్యం వాసన. స్టవ్ వెలిగించి వెచ్చబరచడం ఇంకా తప్పు: కిలో ప్రొపేన్ మండితే సుమారు 1.6 కిలోల నీరు పుడుతుంది, కార్బన్ మోనాక్సైడ్ ప్రమాదం సరేసరి.

మధ్యలో తేమ పీల్చే కాల్షియం క్లోరైడ్ డబ్బాలు కూడా పెట్టి చూశాను. వానాకాలంలో ఉప్పు జాడీలో నీరు ఊరడం చూసి పెరిగిన మనకు వాటి పని కొత్తేమీ కాదు. ఒక చిన్న అల్మారాకు అవి చాలుతాయి, బండి మొత్తానికి చాలవు.

డీహ్యూమిడిఫయర్ కొనేటప్పుడు రకం చూసుకోవడం ముఖ్యం. ఇళ్లలో ఎక్కువగా వాడే కంప్రెసర్ రకం 15 డిగ్రీల లోపు చలిలో నీరసించి, లోపలి చల్లని గొట్టపు చుట్ట మీద మంచు కట్టించుకుంటుంది. జియోలైట్ రకం సున్నాకు కాస్త పైన ఉన్నా పనిచేస్తుంది, పైగా గోరువెచ్చని గాలి వదులుతుంది. నాది తక్కువ వేగంలో 330 వాట్లు తీసుకుంటుంది కనుక మూడు గంటలు తిరిగితే సుమారు ఒక యూనిట్. దాన్ని వంటగట్టు మీద నిలిపి, గొట్టం సింకులోకి వదిలి, వాడిన నీటి ట్యాంకు కుళాయి తెరిచి కింద బకెట్టు పెట్టాను. గాలిలో తేమ 55 శాతం దగ్గర ఆగేలా అమర్చాను. పైకప్పు కిటికీలు మూస్తాను గానీ, గ్యాస్ భద్రత కోసం నేలలో ఉన్న గాలి రంధ్రాలను ఎన్నడూ మూయను. ఆన్ చేసిన మొదటి నిమిషాల్లో కొద్దిగా మాడు వాసన వస్తుంది, చప్పుడూ ఉంటుంది. ఎవరూ పడుకోని బండిలో అదొక లోపమని నేననుకోను. అసలు గమనించవలసింది, కరెంటు పోయి వచ్చాక తనంతట తాను మళ్లీ మొదలవుతుందా లేదా అన్నది.

మూడో ఏడాది వరకు నాకు దాని మీద ఒక్క ఫిర్యాదూ లేదు. ఆ జనవరిలో బకెట్టు మామూలు కంటే రెట్టింపు నిండుతుంటే, యంత్రం ఎంత బాగా పనిచేస్తోందో అని మురిసిపోయాను కూడా. మార్చిలో సోఫా కింది పెట్టె తెరిచి గోడ చెక్కను బొటనవేలితో నొక్కితే, నానిన అట్టలా లోపలికి దిగింది. పైకప్పు కిటికీ చుట్టూ సందులు మూసే సీలెంటు పగిలి, వాన నీరు గోడలోకి దిగుతోంది. యంత్రం ఆ నీటిని తోడి పోస్తూ, నా కంట పడకుండా చేసింది. తప్పు యంత్రానిది కాదు, బకెట్టును చదవలేకపోయిన నాది. అప్పటి నుంచి ప్రతి ఆదివారం నీటిని కొలిచి, ఆ వారం వాన పడిందో లేదో పక్కనే రాస్తున్నాను. శరదృతువులో ఒకసారి తేమ మీటరుతో గోడలు చూస్తాను. గోడ చెక్కలో తేమ 20 శాతం దాటితే గాలి ఆరబెట్టడం మాని, కారే చోటు వెతకాలి.

హీటరు ఇప్పుడు 5 డిగ్రీల దగ్గర మాత్రమే వెలుగుతుంది. 2022 డిసెంబరు రెండో వారంలో దేశమంతా గడ్డకట్టినప్పుడు అది ఉండబట్టి నిశ్చింతగా ఉన్నాను. అయితే అప్పటికే ట్యాంకులు, బాయిలరు ఖాళీ చేసి, కుళాయిల పిడులను చల్లనీటికీ వేడినీటికీ మధ్యలో తెరిచి వదిలాను. మొదటి ఏడాది షవరు కుళాయిలో గుక్కెడు నీరు మిగిలిపోయి, అది గడ్డకట్టి, లోపలి భాగాన్ని చీల్చింది.

ఇంటి నుంచి కరెంటు తీగ అందే చోట బండి నిలుపుకునేవారికి జియోలైట్ యంత్రం కొనమనే చెబుతాను. కరెంటు లేని స్థలంలో నిలిపేవారు ఆ డబ్బుతో ముందు సీలెంటు చూపించుకుని, పరుపులను ఇంట్లోకి తెచ్చుకోవడం మేలు.