రక్తపోటు ఉన్నవారి వ్యాయామ శిక్షణ: మూత్రపిండాల వైపు నుంచి ఒక సమీక్ష

అధిక రక్తపోటు ఉన్నవారి కోసం ఆన్‌లైన్‌లో నడిచే 12 వారాల వ్యాయామ శిక్షణ ఒకటి ఇటీవల పూర్తి చేశాను. ఇలాంటి శిక్షణలు చాలా వరకు గుండె గురించీ బరువు గురించీ మాట్లాడతాయి గానీ, ఏళ్ల తరబడి అదుపు తప్పిన రక్తపోటు చడీచప్పుడు లేకుండా దెబ్బతీసే మూత్రపిండాలను పట్టించుకోవు. ఈ శిక్షణ వాటితోనే మొదలవుతుంది. దీని అసలు విలువ అక్కడే ఉందని నా అభిప్రాయం.

చేర్చుకునే ముందే రక్తంలో క్రియాటినిన్ (మూత్రపిండాలు బయటికి పంపే వ్యర్థం), దాని ఆధారంగా లెక్కగట్టే ఈజీఎఫ్ఆర్ (మూత్రపిండాలు రక్తాన్ని ఎంత వేగంగా వడపోస్తున్నాయో చెప్పే అంచనా), మూత్రంలో అల్బుమిన్-క్రియాటినిన్ నిష్పత్తి (అల్బుమిన్ అనే ప్రోటీన్ మూత్రంలోకి ఎంత పోతోందో చూపే కొలత) ఫలితాలు అడుగుతారు. ఈజీఎఫ్ఆర్ 60 కంటే తక్కువగా గానీ, ఆ నిష్పత్తి గ్రాముకు 30 మిల్లీగ్రాములు లేదా అంతకు మించి గానీ ఉండి, మూడు నెలలకు పైగా అలాగే కొనసాగితే దానిని దీర్ఘకాలిక మూత్రపిండ వ్యాధిగా పరిగణిస్తారు. అలాంటివారిని వైద్యుని అనుమతి తెచ్చుకున్న తరువాతే తీసుకుంటారు. గట్టిగా వ్యాయామం చేసిన తరువాత కనీసం 24 గంటలు గడవనిదే మూత్ర నమూనా ఇవ్వవద్దని కూడా ముందే చెప్పారు. శ్రమ వల్ల మూత్రంలో ప్రోటీన్ తాత్కాలికంగా పెరిగి, ఒకటి రెండు రోజుల్లో తగ్గిపోతుంది. ఈ సంగతి తెలియక, ఆ ఒక్క ఫలితం చూసి బెదిరి వ్యాయామమే మానేసేవారు ఉంటారు కనుక, ఈ చిన్న సూచన ఎంతో మేలు చేస్తుంది.

వ్యాయామాల ఎంపికలో కొత్తదనం లేదు, ఉండనవసరమూ లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో సూచించినట్లు వారానికి 150 నిమిషాల మధ్యస్థాయి శ్రమ, రెండు రోజులు కండర బలం పెంచే కసరత్తులు ఉంటాయి. బరువులు ఎత్తేటప్పుడు ఊపిరి బిగపడితే రక్తపోటు ఒక్కసారిగా ఎగబాకుతుంది కాబట్టి, ఎత్తుతూ ఊపిరి వదలడాన్ని శిక్షకులు ఓపికగా నేర్పారు. క్రమం తప్పని నడక, సైకిల్ వంటివి పై రక్తపోటును సుమారు 5 నుంచి 8 పాయింట్ల వరకు తగ్గించగలవని చెప్పారే తప్ప, మూత్రపిండాలు బాగుపడతాయనో మందులు మానవచ్చనో ఎక్కడా ఆశ పెట్టలేదు. ఆ నిజాయితీని మెచ్చుకోవాలి.

లోపాలు రెండు కనిపించాయి. మొదటిది సరిదిద్దుకోదగ్గదే: వారి యాప్ 220 నుంచి వయసును తీసివేసి గుండె వేగానికి లక్ష్యం నిర్ణయిస్తుంది. అటెనొలాల్, మెటొప్రొలాల్ వంటి బీటా బ్లాకర్లు వాడేవారికి గుండె వేగం అంతగా పెరగదు కాబట్టి, ఆ అంకెను అందుకోవాలని చూస్తే శ్రమ మితిమీరుతుంది. మాట్లాడగలిగినా పాట పాడలేనంత వేగం చాలునన్న కొలత వీరికి నయం. శిక్షకులు నోటితో ఆ మాటే చెబుతున్నా యాప్‌లో మాత్రం అది లేదు.

రెండోది మాత్రం తీవ్రమైనది. కసరత్తులు మొదలైన వారాల్లో ఒళ్లు నొప్పులకు ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ మాత్రలు వేసుకోవచ్చని సభ్యులు ఒకరికొకరు సలహా ఇచ్చుకుంటుంటే, నిర్వాహకులు చూస్తూ ఊరుకున్నారు. కఠిన శ్రమలో రక్తం కండరాల వైపు మళ్లి మూత్రపిండాలకు తగ్గుతుంది. దానికి తోడు చెమటతో ఒంట్లో నీరు తగ్గి ఉన్నప్పుడు, రామిప్రిల్ లేదా టెల్మిసార్టాన్ వంటి రక్తపోటు మందుతోను, మూత్రం ఎక్కువగా పోయించే మాత్రతోను కలిపి ఈ నొప్పి మాత్రలు వేసుకుంటే మూత్రపిండాలు హఠాత్తుగా దెబ్బతినే ప్రమాదం ఉంది. మూత్రపిండాల పేరు చెప్పి నడిపే శిక్షణ మొదటి రోజే ఈ హెచ్చరిక చేయాలి. వాంతులు, విరేచనాలు ఉన్న రోజున వ్యాయామం మానాలనీ, ఒళ్లు నొప్పులతో పాటు మూత్రం ముదురు గోధుమ రంగులో వస్తే వెంటనే వైద్యుణ్ణి చూడాలనీ చెప్పడమూ అంతే అవసరం.

రక్తపోటు మందులతో అదుపులో ఉండి, వ్యాయామం ఎలా మొదలుపెట్టాలో తెలియనివారికి ఈ శిక్షణను నేను సూచిస్తాను. అయితే చేరే ముందు తాము వాడే మందులన్నిటి జాబితాను, నొప్పి మాత్రలతో సహా, తమ వైద్యునికి చూపించాలి. విశ్రాంతిలోనే రక్తపోటు 180/110 దాటుతున్నవారు, డయాలిసిస్ చేయించుకుంటున్నవారు మాత్రం దీనిలో చేరకుండా, వైద్యుల ప్రత్యక్ష పర్యవేక్షణలోనే తమకు తగిన వ్యాయామం నిర్ణయించుకోవడం మంచిది.