చేపల తొట్టికి 5730 ఎల్ఈడీ బార్లు: కొనొచ్చు, కానీ ఎస్ఎంపీఎస్ దగ్గర కక్కుర్తి వద్దు

కోఠి గుజరాతీ గల్లీలో గానీ ఆన్‌లైన్‌లో గానీ 5730 రిజిడ్ బార్ (5.7×3 మిల్లీమీటర్ల ఎల్ఈడీలున్న గట్టి పట్టీ) అని అడిగితే, అర మీటరు పొడవున్న సన్నటి అల్యూమినియం పట్టీ ఇస్తారు. దానిమీద 36 ఎల్ఈడీలు, చివర్లలో వైర్లు అతికే ప్లస్, మైనస్ ప్యాడ్లు ఉంటాయి. నగల కొట్ల షోకేసుల్లో వెలిగేవి ఇవే. చాలావరకు కంపెనీ పేరుండదు, వారంటీ అసలే ఉండదు. అయినా రెండడుగుల మొక్కల ట్యాంకుకు సొంతంగా లైటు కట్టుకునేవాళ్లకు పెట్టిన డబ్బుకు తగ్గ సరుకే. చెడేది ఎక్కువగా బార్ కాదు, దానికి మనం తగిలించేవి, ముఖ్యంగా ఎస్ఎంపీఎస్, అంటే ఇంటి 230 వోల్టులను బార్‌కు కావలసిన 12 వోల్టుల డీసీగా మార్చే పెట్టె.

బార్‌కు 9 వాట్లు అని చెప్పి అమ్ముతారు. మల్టీమీటరును సిరీస్‌లో పెట్టి చూస్తే 12 వోల్టుల దగ్గర వచ్చేది అర ఆంపియరు, లేదా కాస్త పైన. అంటే ఆరు, ఆరున్నర వాట్లు. చెప్పింది అబద్ధమే గానీ మన మంచికే: అంత సన్నటి పట్టీ 9 వాట్ల వేడిని ఎక్కువకాలం మోయలేదు. వాటుకు 85 ల్యూమెన్లు (వెలుగును కొలిచే యూనిట్) వేసుకుంటే ఒక్కో బార్ సుమారు 550 ల్యూమెన్లు ఇస్తుంది.

24×12×15 అంగుళాల ట్యాంకులో మట్టి, రాళ్లు పోను 60 లీటర్ల దాకా నీళ్లు పడతాయి. రెండు బార్లు పెడితే లీటరుకు 18 ల్యూమెన్లు. అనూబియాస్, జావా ఫెర్న్ లాంటి తక్కువ వెలుగు మొక్కలకు చాలు. మూడు పెడితే 27. క్రిప్టోకొరైన్, వాలిస్నేరియా హాయిగా పెరుగుతాయి. నాలుగైతే 37 దాకా వెళ్తుంది. అక్కడ లైటుతో పాటు ఎరువు కూడా వేళకు వేయాలి, లేదంటే మొక్కల కంటే ముందు నాచే పెరుగుతుంది. నాలుగు బార్లు కొని, 12 వోల్టుల పీడబ్ల్యూఎం డిమ్మర్ (వెలుగును తగ్గించి, పెంచే పరికరం) పెట్టి, మొదటి నెల సగం వెలుగుతో రోజుకు 6 గంటలు నడపడం మేలు. తర్వాత 8 గంటల దాకా పెంచుకోవచ్చు. ఆన్, ఆఫ్ పని టైమరుకు వదిలేయండి. నాలుగూ పూర్తిగా వెలిగినా, ఎస్ఎంపీఎస్ నష్టాలతో కలిపి గోడ దగ్గర 30 వాట్లు. 8 గంటల చొప్పున నెలకు 7 యూనిట్లు.

ఇప్పుడు ఎస్ఎంపీఎస్. ఈ బార్‌లో మూడేసి ఎల్ఈడీలు ఒక రెసిస్టరుతో సిరీస్‌లో ఉంటాయి. అలాంటి గుంపులు 12, అన్నీ పారలల్‌గా. మూడు ఎల్ఈడీలు కలిపి 9.3 వోల్టుల దాకా తీసుకుంటే రెసిస్టరు మీద మిగిలేది 2.7 వోల్టులే. ఎస్ఎంపీఎస్ 12కు బదులు 12.6 ఇచ్చిందనుకోండి, పెరిగింది 5 శాతమే గానీ ఆ భారం దాదాపు మొత్తం రెసిస్టరు మీదే పడుతుంది. కరెంటు 20 శాతం దాకా పెరుగుతుంది. బార్ కాలడానికి, ఏడాదిలోపే వెలుగు తగ్గడానికి చాలాసార్లు కారణం ఇదే. నాలుగు బార్లకు కావలసింది రెండుంపావు ఆంపియర్లు. 3 ఆంపియర్లని రాసి ఉన్న చవక సరుకును నమ్మకుండా 5 ఆంపియర్లది తీసుకోండి. జాలీ పెట్టె రకమైతే (చిల్లులున్న ఇనుప పెట్టెలో వచ్చేది) టెర్మినళ్ల పక్కన చిన్న స్క్రూ ఉంటుంది. మీటరు పెట్టి దాంతో 11.8 దగ్గర ఆపండి. అయితే ఆ రకంలో 230 వోల్టుల టెర్మినళ్లు బయటికే ఉంటాయి. నీళ్ల పక్కన అది ప్రమాదం, పిల్లలున్న ఇంట్లో మరీను. బీఐఎస్ నంబరున్న మూసిన అడాప్టరే మంచిది. బార్లన్నిటికంటే అదే ఎక్కువ ధర పలికినా వెనకాడకండి.

బిగింపు సంగతి. బార్లతో వచ్చే పల్చటి తొడుగు వేడిని తీసేయడానికి సరిపోదు. 2 మిల్లీమీటర్ల మందం, 8 అంగుళాల వెడల్పున్న అల్యూమినియం షీటు ముక్క 22 అంగుళాలకు కోయించుకోండి. బార్ల వెనక థర్మల్ పేస్టు పల్చగా రాసి, రెండేసి అంగుళాల ఎడంతో 3 మిల్లీమీటర్ల స్క్రూలతో బిగించండి. డబుల్ టేపు మాత్రం వద్దు. వేడికి జిగురు కరిగి బార్ ఊడి నీళ్లలో పడుతుంది. స్క్రూ తల ప్యాడ్‌కు తగలకుండా ప్లాస్టిక్ వాషరు వేయండి. ప్రతి బార్‌కు ఎస్ఎంపీఎస్ వైపు నుంచి విడిగా వైరు లాగండి. ఒకదాని చివరినుంచి ఇంకోదానికి గొలుసుగా కలిపితే చివరి బార్ మసకగా వెలుగుతుంది. గంట వెలిగాక షీటు మీద చెయ్యి పెట్టి ఉంచగలిగితే సరే. ఉంచలేకపోతే డిమ్మర్ తగ్గించండి.

సోల్డరు చేసిన చోట తేమ చేరితే రాగి పచ్చబడి తెగుతుంది, అందుకే సిలికాన్ పూయాలి. ఇక్కడే చాలామంది పొరబడతారు. ట్యాంకు అద్దాలకు వాడే, వెనిగర్ వాసన వచ్చే సిలికాన్ చేపలకు హాని చేయదు గానీ, ఆరేటప్పుడు వదిలే ఎసిటిక్ ఆమ్లం రాగిని తినేస్తుంది. డబ్బా మీద న్యూట్రల్ అని ఉన్నదే కొనండి. ఎల్ఈడీల మీద ముందే జిగురు పోసి అమ్మే వాటర్‌ప్రూఫ్ బార్లు చూడ్డానికి బాగున్నా, ఆ పూత వేడికి పసుపెక్కుతుంది. పూత లేనివి కొని, కింద అద్దం మూత పెట్టుకోవడం నయం. బోరు నీళ్లైతే ఆ మూత మీద తెల్లటి తెట్టు కట్టి వెలుగును ఆపేస్తుంది. వారానికోసారి తీసి, నిమ్మరసంతో తుడిచి, కడగండి.

రంగు దగ్గర ఈ బార్లకు మార్కులు తక్కువే. కూల్ వైట్ అని ఇచ్చేవి తరచూ 6500 కెల్విన్ (తెలుపు రంగును కొలిచే అంకె, పెరిగేకొద్దీ నీలం) దాటి నీలంగా కనిపిస్తాయి. చేపల ఎరుపు వెలవెలబోతుంది. కొట్లో 6500 కెల్విన్ బల్బు పక్కన వెలిగించి పోల్చుకోండి. నాలుగింట్లో ఒకటి వార్మ్ వైట్ తీసుకుంటే ట్యాంకు కళే మారుతుంది.

మూడు ఎల్ఈడీలు మాత్రం ఆరిపోయి మిగతావి వెలుగుతుంటే, బార్ వంగి ఒక అతుకు విరిగి ఉండొచ్చు. అదే అయితే వేడి చేసి మళ్లీ అతికితే సరిపోతుంది, బార్ పారేయక్కర్లేదు.

ఇవన్నీ ఎందుకు, 50 వాట్ల ఫ్లడ్ లైటు తగిలిస్తే పోలేదా అంటారు కొందరు. వెలుగు సంగతి నిజమే. కానీ చవక ఫ్లడ్ లైట్లలో ట్రాన్స్‌ఫార్మరు ఉండదు, 230 వోల్టులు నేరుగా ఎల్ఈడీ ప్లేటుదాకా వస్తాయి. ఎర్త్ లేని ప్లగ్గుతో దాన్ని నీళ్ల మీద వేలాడదీయడం ప్రాణాలతో ఆట. ఏ లైటు పెట్టినా ఆ లైనుకు 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్) ఉండాలి. వైరు ప్లగ్గు కంటే కిందికి ఒక వంపు తిరిగి పైకి వెళ్లాలి, జారే చుక్క ఆ వంపు దగ్గరే రాలిపోయేలా.

మాంటే కార్లో లాంటి కార్పెట్ మొక్కలు, ఎర్రటి రొటాలా మీద మనసుంటే ఈ బార్లు కొనకండి. వాటికి కాన్‌స్టంట్ కరెంట్ డ్రైవరుతో (కరెంటును ఒకే స్థాయిలో ఉంచే సర్క్యూట్‌తో) నడిచే 3 వాట్ల స్టార్ ఎల్ఈడీలు, వేడిని లాగేసే మందపాటి హీట్ సింకు, కార్బన్ డయాక్సైడ్ సిలిండరు కావాలి. ఆ ఖర్చు లెక్క వేరు.