మైక్రోటిక్ హెక్స్: తిరుపతి లాడ్జిలో కొన్నేళ్లు వాడాక

రౌటరు సమీక్షలు చాలావరకు స్పీడు దగ్గర మొదలై స్పీడు దగ్గరే ఆగిపోతాయి. మేము మైక్రోటిక్ కంపెనీ వాళ్ల హెక్స్ అనే ఈ రౌటరు డబ్బా కొన్నది స్పీడు కోసం కాదు. రౌటరు సెట్టింగుల పేజీని ఎవరు తెరవొచ్చు, ఎవరు తెరవకూడదు అన్న ఒక్క విషయం కోసం. కాబట్టి రాసేది కూడా దాని గురించే.

తిరుపతి రైల్వేస్టేషన్ దగ్గర లాడ్జి అంటే మీకు తెలిసిందే. తెల్లారకముందే కొండకు పోయే తమిళ కుటుంబం గది ఖాళీ చేస్తుంది, పదిన్నరకల్లా అదే గదిలో బళ్లారి కుర్రాళ్లు దిగుతారు. అందరికీ వైఫై పాస్‌వర్డు ఒకటే, రిసెప్షన్లో అట్ట మీద రాసి పెట్టి ఉంటుంది. మామూలుగా రౌటర్లన్నీ బయట ఉన్నవాడు దొంగ, లోపల ఉన్నవాడు మనవాడు అనుకుంటాయి. మా లోపల ఉండేవాళ్లే ముక్కూమొహం తెలీనివాళ్లు! నెట్ కనెక్షన్‌తో పాటు ఇచ్చిన పాత డబ్బాలో అడ్మిన్ పేజీ ఏ గదిలోంచైనా తెరుచుకునేది. ఒకసారి బ్రహ్మోత్సవాల రద్దీలో ఎవరో పుణ్యాత్ముడు వైఫై పేరే మార్చి పోయాడు. ఆ రోజు రిసెప్షన్ పిల్లోడి ఫోను ఆగలేదు: "అన్నా, నెట్టు రాలేదని స్వామోళ్లు అరస్తా ఉండారు, బిన్నా రా."

మాది హెక్స్ ఆర్‌బీ750జీఆర్3. అరచేతిలో పట్టేంత ఉంటుంది, 5 గిగాబిట్ పోర్టులు. ఆఫీసుకు 192.168.10తో మొదలయ్యే అడ్రసుల వరస, గెస్టులకు 192.168.20 వరస, వేర్వేరు వీల్యాన్లు (ఒకే రౌటరులో విడివిడి నెట్‌వర్కులు). రెండింటి మధ్య రాకపోకలు ఆపే రూలు ఫైర్‌వాల్ (ఏవి వదలాలో, ఏవి ఆపాలో చూసే కాపలా) 'ఫార్వర్డ్' చెయిన్‌లో, అంటే రౌటరు గుండా అవతలికి పోయేవాటి రూల్సు జాబితాలో పెట్టాం. చాలామంది ఇక్కడితో పని అయిపోయిందనుకుంటారు. కానీ గెస్టు ఫోనులో 192.168.10.1 కొట్టి చూడండి, లాగిన్ పేజీ నిక్షేపంగా వస్తుంది. ఎందుకంటే అది ఆఫీసు కంప్యూటరు అడ్రసు కాదు, రౌటరు సొంత అడ్రసు. రౌటరు దగ్గరికే వచ్చే ప్యాకెట్లు (డేటా ముక్కలు) ఫార్వర్డ్‌లోకి పోవు, 'ఇన్‌పుట్' చెయిన్‌లోకి పోతాయి. ఫ్యాక్టరీ రూల్సు అక్కడ ఆపేది ల్యాన్ (లోపలి నెట్‌వర్కు) జాబితాలో లేని దారుల నుంచి వచ్చేవాటినే. గెస్టు వీల్యాన్‌ను ల్యాన్ జాబితాలో చేర్చి ఉంటే ఆ రూలు వాళ్లకు అడ్డం రాదు.

అందుకని గెస్టు వైపు నుంచి ఇన్‌పుట్‌కు వచ్చేదంతా డ్రాప్, అంటే అక్కడే పారేయడం. సైటు పేరుకు అడ్రసు వెతికిపెట్టే డీఎన్‌ఎస్ పోర్టు 53 ఒక్కటి మాత్రం డ్రాప్ రూలుకు పైన వదలాలి, లేకపోతే వైఫై కనెక్ట్ అయినట్టే చూపిస్తుంది, ఒక్క సైటూ తెరుచుకోదు. దీని పైన 'ఐపీ సర్వీసెస్' మెనూలో, రౌటరులోకి వచ్చే దారుల్లో టెల్నెట్, ఎఫ్‌టీపీ, ఏపీఐ ఆపేశాం. వెబ్‌ఫిగ్‌కు (బ్రౌజరులో తెరుచుకునే సెట్టింగుల పేజీ), విన్‌బాక్స్‌కు (అదే పని చేసే మైక్రోటిక్ ప్రోగ్రాము) ఆఫీసు వరసలోంచే రావాలని అడ్రసు బిగించాం. రెండూ ఎందుకంటారా? ఫైర్‌వాల్ రూల్సు కిందా మీదా అయినప్పుడు రెండో గడియ ఉంటుంది.

ఇంకో దొడ్డిదారి ఉంది. విన్‌బాక్స్ ఐపీ లేకుండా మ్యాక్ అడ్రసుతో (పరికరానికి ఫ్యాక్టరీలోనే వేసిన నంబరు) కూడా కనెక్ట్ అవుతుంది, ఆ దారిని ఐపీ ఫైర్‌వాల్ చూడనే చూడదు. 'మ్యాక్ సర్వర్'లో ఆఫీసు ఇంటర్‌ఫేస్ జాబితా మాత్రమే ఉంచితే గానీ అది మూతపడదు. ఇది చేయని లాడ్జీలు మన ఊళ్లో ఎన్నో చూశాను.

నాకు బాగా నచ్చింది సేఫ్ మోడ్. టెర్మినల్‌లో (కమాండ్లు కొట్టే కిటికీ) కంట్రోల్-ఎక్స్ నొక్కి రూలు మారుస్తాను. ఆ రూలు నన్నే బయటికి నెట్టేస్తే, కనెక్షన్ తెగిందని గుర్తించగానే రౌటరు ఆ మార్పుల్ని వెనక్కి తీసేసుకుంటుంది. కొన్ని నిమిషాలు ఆగాలి, అంతే. అర్ధరాత్రి బండేసుకుని లాడ్జికి పోయే పని తప్పుతుంది.

రిసెప్షన్ పిల్లోడికి వేరే యూజర్ ఇచ్చాం. సిద్ధంగా ఉండే 'రీడ్' గ్రూపు పేరుకే రీడ్, అందులో రీబూట్ అనుమతీ ఉంటుంది, పాస్‌వర్డుల్లాంటి రహస్యాలు చూసే 'సెన్సిటివ్' అనుమతీ ఉంటుంది. రీబూట్ మాకు పనికొచ్చేదే. రెండోది తీసేసి సొంత గ్రూపు చేసుకున్నాం. వెబ్‌ఫిగ్‌లో స్కిన్ తయారుచేసి, వాడికి అక్కర్లేని మెనూలన్నీ దాచేశాం. స్కిన్ కళ్లకు గంతలే, తాళం కాదు. అసలు తాళం గ్రూపు అనుమతులే.

ఇక ఇబ్బందులు. వెబ్‌ఫిగ్‌ను హెచ్‌టీటీపీఎస్‌లో (మధ్యలో ఎవరూ చదవలేని కనెక్షన్) వాడాలంటే సర్టిఫికెట్ మనమే పెట్టుకోవాలి. సొంతంగా చేసుకున్నది పెడితే బ్రౌజరు ఎర్రగా హెచ్చరిస్తుంది, కొత్తవాళ్లు చూసి జడుసుకుంటారు. మెనూలు నేర్చుకోవడానికి ఓపిక కావాలి. స్టోరేజీ 16 ఎంబీయే. సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ అయ్యాక రౌటర్‌బోర్డ్ మెనూలో ఫర్మ్‌వేర్‌ను (రౌటరును మొదట లేపే చిన్న ప్రోగ్రాము) విడిగా అప్‌గ్రేడ్ చేసి మళ్లీ రీబూట్ కొట్టాలి.

అలాగని అప్‌డేట్ వాయిదా వేయొద్దు. 2018లో ఈ కంపెనీ విన్‌బాక్స్‌లోనే పాస్‌వర్డు లేకుండా, యూజర్ పేర్లూ పాస్‌వర్డులూ ఉండే ఫైలు చదివే లొసుగు బయటపడింది. ఏప్రిల్‌లోనే మందు వచ్చింది, వేసుకోనివాళ్ల రౌటర్లు నెలల తర్వాత కూడా దొంగల చేతిలో పడ్డాయి. విన్‌బాక్స్ వాడే 8291 పోర్టు ఇంటర్నెట్ వైపు తెరిచి ఉండకపోతే బయటివాడు ఆ లొసుగు దాకా వచ్చేవాడే కాదు. ఇంటి నుంచి చూడాలంటే రౌటరు సాఫ్ట్‌వేర్ వెర్షన్ 7లో వైర్‌గార్డ్ (ఇంటర్నెట్ మీదుగా రహస్య సొరంగం లాంటి వీపీఎన్) ఉంది. స్టాటిక్ ఐపీ (మారని ఇంటర్నెట్ అడ్రసు) తీసుకుని మేము అలాగే చేస్తున్నాం.

2024 చివర్లో కొత్త హెక్స్ వచ్చింది, స్టోరేజీ 128 ఎంబీ. ఇప్పుడు కొనేవాళ్లు దాన్నే అడగండి. రెండింటిలోనూ వైఫై ఉండదు, వైఫై ఇచ్చే యాక్సెస్ పాయింట్లు విడిగా కొనాలి. ఈ మాట ఓనరు చెవిన ముందే వేయండి, బిల్లు చేతికొచ్చాక చెబితే వినరు.