సీసా వెనక్కి తిప్పి సోడియం చూడండి: స్పోర్ట్స్ డ్రింకులు, ఓఆర్‌ఎస్, ప్రొటీన్ డబ్బాలు

సూపర్‌మార్కెట్ ఫ్రిజ్‌లో నీలం, నారింజ, నిమ్మ రంగుల్లో వరసగా నిలబడ్డ సీసాలన్నింటి మీదా 'ఎలక్ట్రోలైట్స్', అంటే సోడియం, పొటాషియం లాంటి లవణాలు, అని పెద్దక్షరాల్లో ఉంటుంది. అవి ఎంత ఉన్నాయన్నది మాత్రం వెనకాల, కళ్లద్దాలు లేనిదే కనపడని పట్టికలో ఉంటుంది. ఆ పట్టికలో రెండు గడులు చూస్తే చాలు: 100 మిల్లీలీటర్లకు సోడియం ఎంత, చక్కెర ఎంత. బి6, బి12, జింక్ లాంటివి ఉన్నా లేకున్నా గంటసేపు పరుగెత్తేవాళ్లకు ఒరిగేదేమీ లేదు.

సోడియమే ఎందుకంటే, చెమటలో పోయేది ప్రధానంగా నీళ్లూ ఉప్పూ. లీటరు చెమటలో మనిషిని బట్టి 460 నుంచి 1,800 మిల్లీగ్రాముల దాకా సోడియం పోతుంది. చాలామందికి ఒక గ్రాము అటూ ఇటూ. టీషర్టు ఆరాక వీపు మీద తెల్లటి చారలు పడితే మీరు ఎక్కువ పోగొట్టుకునే రకం. ఎంత చెమట పడుతుందో కొలుచుకోవడం కూడా తేలికే. పరుగుకు ముందు, తర్వాత ఒళ్లు తుడుచుకుని ఒకే రకం బట్టల్లో బరువు చూసుకోవాలి. 70 కిలోలున్న మనిషి గంట తర్వాత 69.2 తూగి, మధ్యలో 300 మిల్లీలీటర్లు తాగి ఉంటే పోయిన చెమట 1.1 లీటర్లు. ఆగస్టు చివర్లో జరిగే హైదరాబాద్ మారథాన్ రోజుల్లోనూ, విశాఖ బీచ్ రోడ్డు మీద ఏ నెలలోనైనా, గాలిలో తేమ వల్ల ఈ అంకె పెరుగుతుందే తప్ప తగ్గదు. బరువులో 2 శాతానికి మించి పోకుండా చూసుకుంటే చాలు. పోయిన ప్రతి చుక్కా అక్కడికక్కడే పూడ్చాలని లేదు.

ఈ లెక్కతో ఒక్కో సరుకూ చూద్దాం.

గేటరేడ్‌ది పాత కథ. 1965లో ఫ్లోరిడా విశ్వవిద్యాలయంలో రాబర్ట్ కేడ్ బృందం అక్కడి ఫుట్‌బాల్ జట్టు కోసం తయారుచేసిన పానీయం అది. చక్కెర సుమారు 6 శాతం, సోడియం 100 మిల్లీలీటర్లకు 45 మిల్లీగ్రాముల దగ్గర. ఆ 6 శాతం వెనక లెక్క ఉంది. చక్కెర 8 శాతం దాటితే పానీయం పొట్టలోంచి పేగుల్లోకి దిగడం మందగిస్తుంది, పరుగులో కడుపు ఉబ్బరిస్తుంది. కాబట్టి గంటకు మించి ఆగకుండా పరుగెత్తేవాళ్లకు, సైకిల్ తొక్కేవాళ్లకు, ఫుట్‌బాల్ ఆడేవాళ్లకు ఇది పనికొచ్చే సరుకే. అదే కేబీఆర్ పార్కులో ముప్పావు గంట నడిచి అర లీటరు సీసా ఎత్తేస్తే, అందులో దాదాపు 30 గ్రాముల చక్కెర, అంటే ఏడు చెంచాలు. నడకలో కరిగినదానిలో చాలా భాగం సీసాతోనే తిరిగొచ్చేస్తుంది. సోడియం సంగతికొస్తే, అర లీటరులో ఉండేది 230 మిల్లీగ్రాములే. పైన చెప్పిన మనిషి గంటలో పోగొట్టుకున్నదానిలో అది అయిదో వంతు.

దిగుమతి సరుకు అమ్మే షాపుల్లో దొరికే ప్రైమ్ హైడ్రేషన్ కథ తలకిందులు. అర లీటరు సీసాలో సోడియం 10 మిల్లీగ్రాములు, పొటాషియం 700. చెమటలో పోయేది ఒకటైతే ఇందులో ఉన్నది ఇంకొకటి. అమెరికాలో ఉన్న మన పిల్లలు లంచ్ బాక్సుతో పాటు అడిగే రంగు సీసా ఇదే. రుచికి తాగితే తాగనివ్వండి, ఎండలో సాకర్ ఆడి వచ్చాక దీనిమీద ఆధారపడొద్దు. కొబ్బరి నీళ్లదీ దాదాపు ఇదే స్వభావం, పొటాషియం దండిగా, సోడియం తక్కువగా. తేడా ఏమిటంటే కోనసీమ బోండానికి చిటికెడు ఉప్పు కలుపుకుంటే లోటు తీరుతుంది, ధర కూడా అందుబాటులో ఉంటుంది.

2025లో రిలయన్స్ కంపెనీ ముత్తయ్య మురళీధరన్‌తో కలిసి స్పిన్నర్ అనే స్పోర్ట్స్ డ్రింకును పది రూపాయలకు దించింది. ధర బాగుంది, కానీ సీసా 150 మిల్లీలీటర్లు. నాలుగు గుక్కలు. లీటరు చెమటకు సాటి రావాలంటే ఆరేడు సీసాలు కావాలి, అంటే 60, 70 రూపాయలు. పది రూపాయల ధర నాలుక తడుపుకోవడానికే.

స్టింగ్‌ను ఈ వరసలో పెట్టడమే తప్పు, కానీ కిరాణా కొట్లో అదే ఫ్రిజ్‌లో, అదే అరలో ఉంటుంది కాబట్టి చెప్పక తప్పదు. అది కెఫీన్ పానీయం. 250 మిల్లీలీటర్ల సీసాలో 70 మిల్లీగ్రాములకు పైగా కెఫీన్, పైగా చక్కెర. మన దేశంలో ఇలాంటి పానీయాల్లో కెఫీన్ లీటరుకు 300 మిల్లీగ్రాములు దాటకూడదు, పిల్లలకూ గర్భిణులకూ పాలిచ్చే తల్లులకూ తగదని సీసా మీద ముద్రించాలి. ఆ ముద్రణ చదివేవాడెవడు? ఇరవై రూపాయలకు దొరికేసరికి ట్యూషన్ నుంచి వచ్చే ఎనిమిదో తరగతి కుర్రాడి చేతిలో అదే కనిపిస్తుంది. ఎండలో క్రికెట్ ఆడి గుండె దడదడలాడుతున్నప్పుడు తాగాల్సినది ఇది కాదు.

ఇక గ్లూకాన్-డి. ఎండాకాలం మన ఇళ్లలో నిమ్మకాయ తర్వాత స్థానం దానిదే. అసలు రకం పొడిలో 99 శాతానికి పైగా గ్లూకోజే. చక్కెర వెంటనే రక్తంలోకి చేరుతుంది, నీరసం తగ్గినట్టు అనిపిస్తుంది. ఉప్పు మాత్రం లేనట్టే లెక్క. వడదెబ్బ తగిలిన మనిషికి గ్లాసుల కొద్దీ ఇదే పట్టించడం మన దగ్గర తరచూ జరిగే పొరపాటు. షుగర్ ఉన్న పెద్దవాళ్లకైతే మరీ ప్రమాదం.

విరేచనాలకూ, ఎండకు ఒంట్లో నీరూ ఉప్పూ తగ్గినప్పుడూ అసలు మందు ఓఆర్‌ఎస్. దాన్ని తలదన్నే సరుకు ఈ మొత్తం బజారులో లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2002లో సవరించిన పాళ్లు ఇవి, లీటరు నీటికి: ఉప్పు 2.6 గ్రాములు, గ్లూకోజ్ 13.5, పొటాషియం క్లోరైడ్ 1.5, ట్రైసోడియం సిట్రేట్ 2.9. ఇందులో సోడియం, గ్లూకోజ్ రెండూ 75 మిల్లీమోల్స్ చొప్పున, అంటే బరువులో కాక కణాల సంఖ్యలో, సమానంగా ఉంటాయి. అది యాదృచ్ఛికం కాదు. పేగు గోడలో ఈ రెంటినీ జతగా లోపలికి లాక్కునే ద్వారం ఉంది, ఆ జంట వెంట నీరు వెళుతుంది. గ్లూకోజ్ మరీ ఎక్కువైతే వ్యవహారం తిరగబడి, ఒంట్లోని నీరే పేగుల్లోకి దిగి విరేచనాలు పెరుగుతాయి. టెట్రాప్యాకుల్లో యాపిల్, ఆరెంజ్ రుచులతో, ఓఆర్‌ఎస్‌ను పోలిన పేర్లతో వచ్చిన తియ్యటి పానీయాలతో పిల్లలకు చేటు జరిగింది ఇందుకే. హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ దీనిమీద ఏళ్ల తరబడి పోరాడారు. 2025 అక్టోబర్‌లో దేశ ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ, అంతకుముందు 2022, 2024లో ఇచ్చిన వెసులుబాట్లను వెనక్కి తీసుకుని, పానీయాల పేర్లలో ఓఆర్‌ఎస్ అన్న మాట వాడొద్దని ఆదేశించింది. పేరు మారినా కొన్ని డబ్బాలు అదే రంగుల్లో, అదే బొమ్మలతో వస్తాయి. మెడికల్ షాపులో 'ఓఆర్‌ఎస్ ఇవ్వండి' అంటే డబ్బా చేతిలో పెడితే తిప్పి చూడండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫార్ములా అని రాసి ఉండాలి, గ్లూకోజ్ 100 మిల్లీలీటర్లకు 1.35 గ్రాములు ఉండాలి. 8, 10 గ్రాముల చక్కెర కనిపిస్తే అది జ్యూసు.

ఎలక్ట్రాల్ లాంటి 21.8 గ్రాముల ప్యాకెట్ ఇరవై రూపాయల పైచిలుకు, ఒక లీటరుకు సరిపోతుంది. ఇక్కడ జరిగే పొరపాట్లు మూడు, మూడూ కలపడంలోనే. సగం పొడి గ్లాసులో వేసి మిగతా సగం మడిచి దాచుకుంటారు. ఉప్పు, చక్కెర రేణువులు ప్యాకెట్లో సమానంగా పరుచుకుని ఉండవు కాబట్టి పాళ్లు తప్పుతాయి. రెండోది ఇంకా చేటు: లీటరు ప్యాకెట్‌ను ఒక్క గ్లాసులో కలిపేయడం. 200 మిల్లీలీటర్లకు వచ్చే చిన్న ప్యాకెట్లు కూడా బజారులో ఉన్నాయి, రెండూ చూడ్డానికి ఒకేలా ఉంటాయి. లీటరుది గ్లాసులో కలిపితే ఉప్పు అయిదింతలవుతుంది, పసిపిల్లలకు అది ప్రాణాల మీదికి తెస్తుంది. మూడోది, రుచి కోసం పంచదారో జ్యూసో కలపడం. కాచి చల్లార్చిన నీటిలో ప్యాకెట్ మొత్తం కలిపి, 24 గంటల్లో తాగేయాలి, మిగిలితే పారబోయాలి.

పరుగుకు ఓఆర్‌ఎస్ సరిపోతుందా? ఉప్పు పరంగా దిట్టమే, లీటరులో 1,725 మిల్లీగ్రాముల సోడియం. శక్తి పరంగా చాలదు, లీటరంతా తాగినా 54 కేలరీలే. రెండు గంటల పరుగుకు గంటకు 30 నుంచి 60 గ్రాముల పిండిపదార్థం కావాలి కాబట్టి పక్కన ఖర్జూరమో అరటిపండో ఉండాలి. లేదంటే ఇంట్లోనే కలుపుకోవచ్చు: లీటరు నీటికి 50 గ్రాముల పంచదార, అంటే తలకొట్టిన పన్నెండు చిన్న చెంచాలు, పావు చెంచా ఉప్పు, ఒక నిమ్మకాయ. పావు చెంచా ఉప్పు 1.5 గ్రాములు, అందులో సోడియం 590 మిల్లీగ్రాములు. గేటరేడ్ కంటే ఉప్పు ఎక్కువ, ఖర్చు అయిదారు రూపాయలు. ఇది ఆరోగ్యంగా ఉండి చెమటోడ్చేవాళ్లకు మాత్రమే. షుగర్, బీపీ, కిడ్నీ జబ్బులున్నవాళ్లు డాక్టర్‌ను అడిగే తాగాలి. విరేచనాలకు ఇది పనికిరాదు, చక్కెర ఎక్కువ.

నీళ్లలో వేస్తే బుసబుస పొంగే మాత్రల గొట్టాలు ప్రయాణాలకు బాగుంటాయి. చక్కెర దాదాపు ఉండదు. వేసిన వెంటనే సిప్పర్ మూత బిగించకండి, గ్యాస్‌కు మూత ఎగిరి బ్యాగంతా తడుస్తుంది. గొట్టం మూతలో తేమ పీల్చే గుళికలు ఉంటాయి. వానాకాలం దాన్ని వదులుగా పెడితే మాత్రలు మెత్తబడతాయి, నీటిలో వేసినా పొంగవు.

ఏది తాగినా అతిగా తాగొద్దు. 2002 బోస్టన్ మారథాన్‌లో పరీక్షించిన 488 మందిలో 13 శాతానికి రక్తంలో సోడియం తగ్గిపోయింది. దారంతా విపరీతంగా తాగడం అందుకు ముఖ్య కారణం. స్పోర్ట్స్ డ్రింకు తాగితే ఆ ప్రమాదం ఉండదనుకోవడం కూడా భ్రమే. అందులోని సోడియం రక్తంలో ఉండేదానిలో ఆరో, ఏడో వంతు మాత్రమే.

ప్రొటీన్ డబ్బాలకు ఒకే భాగహారం. స్కూపులోని ప్రొటీన్‌ను స్కూపు బరువుతో భాగించండి. 30.4 గ్రాముల స్కూపులో 24 గ్రాములుంటే 79 శాతం, మంచి వే పొడి (వే అంటే పాల విరుగుడు నీటి నుంచి తీసే ప్రొటీన్). 'మాస్ గెయినర్' డబ్బాల్లో ఇది 15, 20 శాతానికి పడిపోతుంది. మిగతాదంతా మాల్టోడెక్స్‌ట్రిన్, అంటే తియ్యగా లేని పిండి. డబ్బా పెద్దది, ధర తక్కువగా కనపడుతుంది, ప్రొటీన్ గ్రాముకు లెక్కేస్తే తేలిపోతుంది. కిలో 2,400 రూపాయల 80 శాతం వే పొడిలో గ్రాము ప్రొటీన్ మూడు రూపాయలు. ఆరున్నర, ఏడు రూపాయల కోడిగుడ్డులో ఆరు గ్రాములుంటుంది. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాల్లో ప్రొటీన్ పొడులకు దూరంగా ఉండమనే చెప్పింది. గుడ్లు, పాలు, పప్పుతో లెక్క నిండేవాళ్లకు నిజంగానే అక్కర్లేదు. తినే వేళలు కుదరనివాళ్లకూ, మాంసం ముట్టనివాళ్లకూ ఒక స్కూపు సౌకర్యం, అంతే.

మోసం ఎక్కడ జరుగుతుందంటే, ల్యాబులు మామూలుగా ప్రొటీన్‌ను నేరుగా కొలవవు, నత్రజనిని కొలిచి గుణిస్తాయి. గ్లైసిన్, టారిన్ లాంటి చవక పదార్థాలు కలిపితే నత్రజని పెరిగి అంకె అందంగా వస్తుంది. పదార్థాల జాబితాలో ఇవి విడిగా కనిపిస్తే డబ్బా కింద పెట్టేయండి. అమైనో ఆమ్లాల పట్టిక ఉంటే ల్యూసిన్ చూడండి, 24 గ్రాముల వే ప్రొటీన్‌లో రెండున్నర గ్రాముల దగ్గర ఉండాలి. 2024లో మన దేశంలో అమ్మే 36 రకాల పొడులను పరీక్షించిన ఒక అధ్యయనంలో సుమారు 70 శాతం వాటిలో ప్రొటీన్ సమాచారం తప్పని తేలింది.

కడుపు ఉబ్బరిస్తే బ్రాండు మార్చేముందు రకం మార్చండి. వే కాన్సంట్రేట్‌లో లాక్టోజ్, అంటే పాలలోని చక్కెర, ఉంటుంది, మరింత శుద్ధిచేసిన ఐసొలేట్‌లో దాదాపు ఉండదు. షేకర్‌లో ముందు నీళ్లు, తర్వాత పొడి. ముందే పొడి వేస్తే అడుగున ముద్దకట్టి ఎంత ఊపినా కరగదు. సలసల కాగే పాలలో వేస్తే విరిగినట్టు పలుకులవుతుంది. దిగుమతి డబ్బా కొంటే దిగుమతిదారు పేరు, చిరునామా, 14 అంకెల ఎఫ్ఎస్ఎస్ఏఐ నంబరు ఉన్న స్టిక్కర్ చూడండి, గోకితే వచ్చే కోడ్‌ను ఆ కంపెనీ సొంత సైట్‌లోనే సరిచూడండి, స్టిక్కర్ మీదున్న లింకులో కాదు. రాష్ట్ర స్థాయి పోటీల్లో ఆడే కబడ్డీ, అథ్లెటిక్స్ పిల్లలైతే బ్యాచ్ వారీగా డోపింగ్ పరీక్ష చేయించిన సరుకే వాడాలి. డబ్బాలో కల్తీ ఉందని తెలియదన్నా బాధ్యత ఆటగాడిదే, నిషేధం పడొచ్చు. జిమ్‌లో జిప్ కవర్లో కట్టి అమ్మే విడి పొడి మాత్రం ఎంత చవకకు ఇచ్చినా వద్దు. అయిపోయిన డబ్బాను పారేసేముందు లేబుల్ చింపి, మూతకు చిల్లు పెట్టండి, ఖాళీ డబ్బాల్లో నకిలీ పొడి నింపి అమ్మేవాళ్లకు పని దొరక్కుండా ఉంటుంది.