గుండెకి "హెచ్‌టూఎస్ బూస్టర్" క్యాప్సూల్స్ ఆన్‌లైన్‌లో కొంటున్నారా? ముందు ఇది చదవండి

మా నాన్నగారికి హార్ట్ ఫెయిల్యూర్, అంటే గుండె రక్తాన్ని సరిపడా పంప్ చేయలేకపోవడం. ఏదో వీడియో చూసి ఆయన తెప్పించుకున్న డబ్బా సంగతి ఇది. ఒంట్లో హైడ్రోజన్ సల్ఫైడ్ (హెచ్‌టూఎస్) అనే గ్యాస్‌ని పెంచి గుండెకి మళ్లీ బలం తెస్తుందట.

డబ్బా ముందు పెద్ద గుండె బొమ్మ. వెనక చూస్తే వెల్లుల్లి పొడి, ఎంఎస్‌ఎం (గంధకం ఉండే ఒక సప్లిమెంటు), "ప్రొప్రైటరీ బ్లెండ్" అంటే కంపెనీ సొంత మిశ్రమం. ఏది ఎన్ని మిల్లీగ్రాములో లేదు. ఫోన్‌లో జూమ్ చేస్తే తప్ప కనపడని అక్షరాల్లో, ఇది ఏ జబ్బునీ నయం చేయడానికి కాదని ఉంది. పక్కనున్న 14 అంకెల ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నంబరు చూసి మోసపోకండి, అది తినుబండారాలకిచ్చే లైసెన్సు.

చిక్కేంటంటే, వాళ్లు చెప్పేదాంట్లో సగం నిజమే. కుళ్లిన గుడ్ల కంపు కొట్టే ఈ గ్యాస్‌ని మన ఒళ్లే కొద్దికొద్దిగా తయారు చేసుకుంటుంది. రక్తనాళాలు వదులవడానికి అది పనికొస్తుంది. ఎలుకల గుండెల్ని కాపాడినట్టు ప్రయోగాల్లో తేలింది కూడా. మనుషుల దగ్గరికొచ్చేసరికి, ఈ గ్యాస్‌ని పెంచే ఎస్‌జీ1002 అనే మందు మీద 2015లో అచ్చయిన తొలి దశ ట్రయల్‌లో ఉన్నది 15 మంది. అందులో హార్ట్ ఫెయిల్యూర్ ఉన్నవాళ్లు 8 మందే. 21 రోజులు ఇచ్చి, మందు పడుతోందా, రక్తంలో ఆ గ్యాస్ పెరుగుతోందా అని చూశారు. ప్రాణం నిలుస్తుందా, ఆసుపత్రి పాలవడం తగ్గుతుందా అని తేల్చే ట్రయల్ కాదది. వీళ్లేమో దాన్నే చూపించి "క్లినికల్లీ ప్రూవెన్" అంటున్నారు. డబ్బాలో ఉన్నది ఆ మందు కూడా కాదు!

డబ్బులు పోతే పోయాయి. ఆ కంపెనీ తరఫున ఫోన్‌లో మాట్లాడినమ్మాయి "ఇది వాడుతున్నప్పుడు నీళ్ల మాత్ర అక్కర్లేదు సార్" అందట. ఒంట్లో చేరిన నీటిని మూత్రంలో పంపేసే మాత్ర అది. ఈయన ఆపేశారు. కొద్దిరోజులకే పాదాలు వాచాయి, వేలితో నొక్కితే గుంట అలాగే ఉండిపోయేది. పడుకుంటే ఆయాసం. డాక్టరుగారు మాత్ర మళ్లీ మొదలుపెట్టాక వాపు దిగింది. వార్ఫరిన్ లాంటి, రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే మందులు వాడేవాళ్లకి వెల్లుల్లి సప్లిమెంట్లతో రక్తస్రావం కావచ్చని కూడా ఆయనే చెప్పారు. పప్పులో వేసే నాలుగు రెబ్బల గురించి కాదులెండి.

రిఫండ్ అడిగితే "సీల్ తీశారు కదా" అన్నారు. గుండెజబ్బు నయం చేస్తామని ప్రకటన ఇవ్వడం 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం ప్రకారం నేరం. ప్రకటనకి, చాటింగ్‌కి స్క్రీన్‌షాట్లు తీసి ఉంచుకోండి, తర్వాత దొరకవు. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915.

మీ ఇంట్లో పెద్దవాళ్లు ఇప్పటికే వాడుతుంటే, డబ్బా పట్టుకుని కార్డియాలజిస్టు దగ్గరికెళ్లండి. దాంతోపాటు పాత మందుల స్ట్రిప్పులు కూడా ఓసారి తీసి చూడండి, ఏది వేసుకోవడం మానేశారో వాళ్లంతట వాళ్లు చెప్పరు.